వాగునీటి లెక్క - రైలుదారి రక్ష



అరణ్యపర్వమునందలి నలోపాఖ్యానములో ఒక ఘట్టము కలదు. బాహుకుడను పేర రథము తోలుచున్న నలునకు అశ్వహృదయము తెలియును. రథమునందు కూర్చున్న ఋతుపర్ణునకు సంఖ్యాశాస్త్రము తెలియును. దారిలోని తాండ్రచెట్టు ఆకులను, కాయలను ఋతుపర్ణుడు చూచినంతనే లెక్కించి చెప్పెను. బాహుకుడు రథము నిలిపి ఆ లెక్కను సరిచూచెను. పిదప ఇరువురును తమ విద్యలను మార్చుకొనిరి. బండి తోలు నేర్పునకు లెక్క తోడు కావలెనని ఈ కథవలన గ్రహింపవచ్చును.

పాలమూరు, నల్లగొండ జిల్లాలు ఈ పాఠమును మిక్కిలి వెలకు నేర్చినవి. 1956 సెప్టెంబరు 2వ తేదీన జడ్చర్ల, మహబూబ్‌నగరుల నడుమ వరదకు వంతెన కూలి, రైలు పడిపోయి, నూరుమందికి పైగా మరణించిరి. రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా సమర్పింపగా ప్రధానమంత్రి నెహ్రూగారు అంగీకరింపలేదు. ఆ నవంబరులోనే తమిళనాట అరియలూరువద్ద అట్టి ఘోరమే మరల జరుగగా శాస్త్రిగారు పదవి విడిచిరి.

నలుబదితొమ్మిదేండ్లు గడచినవి. 2005 అక్టోబరు 29వ తేదీ వేకువన వలిగొండ సమీపమున, ఎగువ చెరువుకట్ట తెగిన నీరు ఒక చిన్న వంతెనను కొట్టుకొనిపోయెను. సికిందరాబాదు వచ్చుచున్న డెల్టా ప్యాసింజరు అచట పడి, 110 మందికి పైగా అసువులు బాసిరి.

వాగు పొంగినది ఒడ్డున నున్నవానికి తెలియును; చీకటిలో బండి నడుపువానికి తెలియదు. తెలిసినను, వేగమున పోవు రైలు బ్రేకు వేసినంతనే నిలువదు. కావున వార్త బండికంటె ముందు పోవలెను.

నేడు అందుకు సాధనములు కలవు. వంతెనకు బిగించిన పరికరము నీటిపైకి ధ్వనితరంగములను పంపి, అవి తిరిగివచ్చు కాలమునుబట్టి నీటిమట్టమును గణించును. మట్టము ప్రమాదరేఖను దాటినచో ఇంజనీర్ల చేతిఫోనులకు సందేశము పోవును. భారతీయ రైల్వేలు పెక్కు వంతెనలపై ఇట్టివి నెలకొల్పినవి. తెలంగాణమున వెయ్యికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రములు వానను కొలుచుచున్నవి.

అయినను వలిగొండ చెప్పిన నీతి వేరొకటి కలదు. అచట ముప్పు వంతెనక్రింద పుట్టలేదు. ఎగువ చెరువున పుట్టినది. వంతెనవద్ద మాత్రమే కొలిచినచో, నీరు వచ్చిన పిమ్మటనే తెలియును. చెరువువద్ద కొలిచినచో కొంత వ్యవధి చిక్కును. 2024 సెప్టెంబరు 1వ తేదీన కేసముద్రము సమీపమున పట్టాలక్రింది కంకర కొట్టుకొనిపోయెను. రైళ్లను ముందే నిలిపివేసినందున ప్రయాణికులు బ్రతికిరి.

పూర్వము చెరువుగట్టున నీరడి కాపుండెడివాడు. మత్తడి ఎంత ఎత్తున పారుచున్నదో అతడు చెప్పినదే ఊరికి లెక్క. ఆ పనిని ఈనాడు ఊరంతయు వహింపవలెను. వానాకాలమున అనుదినము వానలెక్కను, చెరువు నీటిమట్టమును గ్రంథాలయపు నల్లబల్లపై వ్రాయవచ్చును. కట్టకు గండిపడు సూచన కనిపించినంతనే సమీప స్టేషనుకో, రైల్వేవారి 139 నంబరుకో తెలుపవచ్చును.

లెక్క పుస్తకములో నిలిచిపోయిన రక్షింపదు. వేళకు చేరిననే రక్షించును.