పనిలో చెయ్యి పోతే పరిహారం పొందడం ఎలా?
(ఎమ్మిగనూరులో పాల సంఘాల సభ్యులనుద్దేశించి సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగం)



మన పాల సంఘాల సభ్యులలో కేవలం గేదెల మీదనే బ్రతికేవారు తక్కువ. పొలం పని తగ్గగానే ఆదోని జిన్నింగు మిల్లులకు, నూనె మిల్లులకు కూలికి పోవడం మన ప్రాంతపు వాడుక. అక్కడ రోలరులోనో, బెల్టులోనో చెయ్యి పడితే ఆ మనిషి ఇక పాలు పితకలేడు, గడ్డి కోయలేడు. మిల్లు కూలీ, పాల డబ్బూ రెండూ పోతాయి.

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము ఇటువంటి కుటుంబాలను చూశాము. పూటకు ఆరు లీటర్లు పోసిన పేరు ఎదుట రెండు లీటర్లే కనబడితే కారణం అడుగుతాము. గేదెను అమ్మి ఆసుపత్రికి కట్టామంటారు. యజమాని ఇరవై వేలిచ్చి తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడంటారు. "మావాడే ఏమరుపాటున ఉన్నాడు, ఇక అడగడానికేముంది?" అంటారు. అడగడానికి చాలా ఉంది.

పని వల్ల, పనిలో ఉండగా జరిగిన ప్రమాదానికి యజమాని పరిహారమివ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుండి దాని స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది. మూలసూత్రం మారలేదు. యజమాని తప్పును నిరూపించనక్కరలేదు. కార్మికుడు ఏమరినంత మాత్రాన హక్కు పోదు. తాగి పని చేసినా, యంత్రం రక్షణ కవచాన్ని కావాలని తీసివేసినా మాత్రం చిక్కు వస్తుంది. మిల్లు పనికి మేస్త్రీ ద్వారా చేరినా మిల్లు యజమాని బాధ్యత తప్పదు. హక్కు వదులుకున్నట్లు వ్రాయించుకున్న కాగితం చెల్లదు.

లెక్క చూడండి. పూర్తి శాశ్వత అంగవైకల్యానికి నెల జీతంలో 60 శాతాన్ని వయస్సును బట్టి ఉన్న గుణకంతో హెచ్చించాలి. 40 ఏళ్ళకు గుణకం 184.17. నెలకు 10,000 రూపాయలు సంపాదించేవానికి ఇది 11,05,020 రూపాయలు. ఒక చెయ్యి పోతే పట్టిక ప్రకారం అందులో 60 శాతం, అంటే 6,63,012 రూపాయలు. బొటనవ్రేలు పోతే 30 శాతం, అంటే 3,31,506. ఇరవై వేలెక్కడ, ఇదెక్కడ!

పట్టికే ఆఖరి మాట కాదు. ఒడిశాలో 1968లో సినిమా హాలు పనిలో పడిపోయి ఎడమచెయ్యి పోగొట్టుకున్న వడ్రంగి విషయంలో, ఒంటిచేత్తో వడ్రంగం సాగదు గనుక నష్టం నూటికి నూరని 1975లో సుప్రీంకోర్టు అంగీకరించింది.

ఇక చేయవలసినవి. వెంటనే యజమానికి వ్రాతపూర్వకంగా తెలిపి నకలు ఉంచుకోండి. ఆసుపత్రి కాగితాలు, ఖర్చుల రసీదులు, అంగవైకల్య సర్టిఫికెట్టు దాచండి. జీతానికి ఆధారం లేకపోతే తోటి కూలీల సాక్ష్యం సంపాదించండి. రెండేళ్ళ లోపల కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు పెట్టండి. ఇ.యస్.ఐ. కార్డు ఉన్నవారు ఇ.యస్.ఐ. కార్యాలయానికి పోవాలి. అక్కడ నెలనెలా సొమ్ము వస్తుంది. ఒకే దెబ్బకు రెండు చోట్లా పరిహారం రాదు.

ఇంకొక మాట. క్యాన్లు ఎత్తేవాడు, పాలు పరీక్షించేవాడు, గడ్డి కోసే మిషను నడిపేవాడు మన సంఘంలోనే జీతానికుంటే వానికి యజమానులం మనమే. మిల్లును అడిగే న్యాయం మనకూ వర్తిస్తుంది. కనుక వారికి ఇన్‌స్యూరెన్సు చేయించండి, మిషనుకు కవచం బిగించండి. 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారికి సహకార సంఘం స్థాపించిన ఊరు ఇది. కష్టంలో ఉన్నవానిని ఒంటరిగా వదలకపోవడం ఇక్కడివారికి మేము చెప్పనక్కరలేదు.

చదువురాని సభ్యునికి దరఖాస్తు వ్రాసిపెట్టే బాధ్యత సెక్రటరీదని వచ్చే సమావేశంలో తీర్మానించండి. ఆ తీర్మానం నకలు మా తనిఖీకి చూపించండి. సెలవు.