పెట్టెలోని కాగితం



దువ్వాడ పక్కనే ఉక్కు ఫ్యాక్టరీ ఉంది. విశాఖలో తూర్పు నావికాదళం ఉంది. పెన్షను మీద వచ్చేసిన సైనికులు ఎందరో ఈ చుట్టుపక్కల ఇళ్లు కట్టుకున్నారు.

మాజీ సైనికులు సంఘంగా కలుస్తారు. టీ తాగుతారు. పాత కబుర్లు చెప్పుకుంటారు. జనవరి 14 వాళ్ల పండుగ. 1953లో ఆ రోజునే కరియప్ప గారు రిటైరయ్యారు. మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి ఆయనే.

"మగాళ్ల కబుర్లతో మనకేం పని?" అంటారా? పని ఉంది.

ఆయన కాలం చేస్తే భార్యకు కుటుంబ పెన్షను రావాలి. అందుకు పెన్షను కాగితంలో ఆమె పేరు ఉండాలి. డిశ్చార్జి బుక్కులో 'అప్పలమ్మ', ఆధార్ కార్డులో 'అప్పలనరసమ్మ' అని ఉందనుకోండి. ఇక ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

ఆ దారి సంఘంలో నలుగురికీ తెలుసు. ఏ కాగితం కావాలో చెబుతారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడు వస్తారు. అందుకే సంఘానికి ఆయనతోపాటు మీరూ వెళ్లండి. ఒంటరిగా మిగిలిన అక్కనూ పిలవండి.

ఈ రోజే పెట్టె తియ్యండి. మీ పేరు వేలు పెట్టి చదవండి. తప్పుంటే ఆయన ఉండగానే దిద్దించండి.

అక్షరాలు నేర్చింది ఇందుకే కదా!