తెల్లవారుజామున స్టీరింగు

విజయవాడ, విశాఖల మధ్య పదహారో నంబరు జాతీయ రహదారి మీద రాత్రంతా లారీలు నడిపే అన్నల నోట తరచూ వినిపించే మాట: "ఇరవై ఏళ్ల సర్వీసు నాది, నిద్ర నన్నేం చేస్తుంది?" అనుభవం చేతికి నేర్పునిస్తుంది గానీ నిద్రను ఆపలేదు. రాత్రి రెండు నుంచి తెల్లవారుజాము ఐదు దాకా మన ఒళ్లు సహజంగానే నిద్రకు లొంగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు రెప్ప వాలిందా, దాదాపు 90 మీటర్ల దూరం ఆ లారీకి డ్రైవరు లేనట్టే.

అద్దం దించడం, పాటల సౌండు పెంచడం, ముఖం కడుక్కోవడం, ఇవన్నీ కాసేపటి ముచ్చటే. టీ పనిచేయడానికీ అరగంట దాకా పడుతుంది. కాబట్టి టీ తాగి, బండిని రోడ్డు పక్కన కాకుండా లారీల పార్కింగులోనో పెట్రోలు బంకులోనో ఆపి, ఇరవై నిమిషాలు కునుకు తీయండి. రోడ్డు వారన చీకట్లో ఆగిన లారీ వెనక వచ్చేవాళ్ల ప్రాణాల మీదికి తెస్తుంది.

క్యాబ్ నడిపే తమ్ముళ్లూ, నిద్రే కాదు, ఫోనూ ముప్పే. చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటే చేతులు ఖాళీయే, కానీ మాటల్లో పడ్డ మనసు కళ్లెదుట ఉన్నదాన్నీ గమనించదు.

యజమానులకు ఒక్క మాట. ఏకబిగిన ఐదు గంటలు దాటి పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. "పొద్దున్నకల్లా సరుకు దిగాలి" అనే ముందు, నిన్న ఎన్ని గంటలు నిద్రపోయావని మీ డ్రైవరును అడగండి.