కంతు అడిగినాం, మాత్ర అడగలేదు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)

పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బకాయిలు అన్నీ ఇంతకు ముందే చదివినారు. మేము ఇప్పుడు లెక్కలు చదవం. ఈ ఏడాది మా వల్ల జరిగిన ఒక తప్పు గురించి, ఆ తర్వాత నర్సమ్మలతో, ఆశా అక్కలతో కలిసి చేసిన పని గురించి చెబుతాం.

మన సంఘాల్లో ఒక అక్క ఉంది. జరిగింది చెప్పమనింది, పేరు మాత్రం వద్దనింది. రెండు ఆవులు, కొంచెం చెనక్కాయ చేను. ముప్పై ఏళ్లు దాటినోళ్లందరికీ బీపీ, సుగరు చూసే సర్వేలో ఆయమ్మకు బీపీ ఉందని తేలింది. నర్సమ్మ మాత్రలు ఇచ్చింది. రెండు నెలలు మింగింది. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, బాగనే ఉండా కదా అని మానేసింది. ఒక రోజు తెల్లారుజామున పాలు పితుకుతా పితుకుతా పక్కకు ఒరిగిపోయింది. 108 వచ్చింది, తిరుపతికి తీసుకుపోయినారు, ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు మాత్రం పడిపోయినాయి.

ఆ సంఘం తీర్మానాల పుస్తకం తెరిచి చూసినాం. నెలనెలా ఆయమ్మ సంతకం ఉంది. మాత్రలు మానేసిన ఆ నెలల్లో కూడా ఒక్క సమావేశం తప్పలేదు, ఒక్క కంతు తప్పలేదు. ఇప్పుడు సంతకం ఉండే తావలో ఎడమచేతి వేలిముద్ర ఉంది. అన్ని నెలలూ మన మధ్యనే కూర్చోని ఉండింది. కంతు కట్టినావా అని అడిగినాం. మాత్ర మింగినావా అని ఒక్కరం కూడా అడగలేదు.

మొదట మాకు కోపం నర్సమ్మ మీదనే వచ్చింది. గ్రామ సంఘంలో పిలిచి నిలదీద్దాం అనుకున్నాం. మాలో ఒక పెద్దమ్మ అడ్డం పడింది. "నిలదీసేది రేపు కూడా నిలదీయొచ్చు, ముందు ఒక దినం ఆ బిడ్డ ఎనకాల తిరిగి చూడండి" అనింది. సరేనని ఒక బుధవారం ముగ్గురం పోయినాం.

బుధవారం అంటే టీకాల రోజు. పీహెచ్‌సీ నించి ఐసు ప్యాకులతో టీకాల పెట్టె వస్తుంది, సాయంత్రానికి మిగిలినవి తిరిగి పోవాల. పొద్దున టీకాలు, గర్భిణీల పరీక్షలు. ఒక్కో మనిషికి చేతి పని అయిదు నిమిషాలైతే ఫోన్‌లో ఎక్కించేది పది నిమిషాలు. సిగ్నల్ లేకపోతే చింతచెట్టు కిందికి పోయి నిలబడాల. బీపీ మిషను సెల్లులు అయిపోతే సొంత డబ్బుతో కొనుక్కుంటా ఉంది. మధ్యాహ్నం మేము నీళ్లిస్తే వద్దనింది. ఎందుకమ్మా అంటే, క్లినిక్ బాత్రూంలో కొళాయి రాదు, తలుపుకు గొళ్లెం లేదు, అందుకే పొద్దున్నించి నీళ్లు తాగదంట. ఆ బాత్రూం పక్కనుంచే మేమందరం రోజూ పోతా ఉండాం.

మూడు గంటలకు బీపీ మనుషుల ఇండ్లకు బయల్దేరింది. చానా ఇండ్లకు తాళాలే. జనం చేన్లల్లో ఉండారు, లేదా పనికి పోయినారు. ఒక ఇంట్లో అత్త చేతికి మాత్రలు ఇచ్చింది. మేము అడిగినాం, "ఆ మనిషి మింగుతుందని నీకెట్లా తెలుసమ్మా?" అని. "మాత్రలు ఇచ్చినట్టు రాసుకుంటా అక్కా, మింగినట్టు ఎట్లా రాసేది?" అనింది.

ఆ మాట మమ్మల్ని ఇంటిదాకా వెంటాడింది. దేశమంతటికీ పెట్టిన లెక్క ప్రకారం మైదానంలో 5,000 మందికి, కొండల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం. ఆశా అక్క సుమారు 1,000 మందికి ఒకరు. మన సంఘంలో ఉండేది పది, పన్నెండు మంది. ఒకరి ఇంట్లో ఏం వండుకున్నారో ఇంకొకరికి తెలుసు. అంత దగ్గర ఉండేది మనం. ఆ నర్సమ్మ చెయ్యలేని పని మనమే చెయ్యగలం.

మనకు పంచసూత్రాలు నిద్దట్లో లేపి అడిగినా వస్తాయి. తర్వాత వాటికి ఇంకో ఐదు కలిపి దశసూత్రాలు చేసినారు, అందులో ఆరోగ్యం, పోషణ, పారిశుధ్యం ఉంది. శిక్షణలో రాసుకున్నాం, సంచిలో పెట్టుకున్నాం, అంతే. ఈ ఏడాది నించి కొన్ని గ్రామ సంఘాల్లో కంతుల కంటే ముందు ఆ మాట పెట్టినాం. బీపీ, సుగరు ఉండేవాళ్లు మాత్రల అట్ట సమావేశానికి తెచ్చుకుంటారు. పక్కన కూర్చున్న అక్క ఎన్ని మిగిలినాయో చూస్తుంది. అయిపోవస్తా ఉంటే ఆశా అక్కకు చెబుతాం, ఆయమ్మ నర్సమ్మకు చెబుతుంది. ఇంతకు మించి ఏమీ లేదు.

చెప్పడానికి సులువుగా ఉంది కానీ గొడవలు కూడా వచ్చినాయి. ఒక సంఘంలో మాత్ర తప్పిన వాళ్లకు పది రూపాయలు జుర్మానా వేద్దాం అన్నారు. మేము ఒప్పుకోలేదు. జుర్మానా పెడితే మాత్ర మింగరు, అట్టలో నించి తీసి పారేసి వస్తారు. అప్పుకూ మాత్రకూ ముడి పెట్టకూడదు. ఇంకొక చోట ఒకరి సుగరు నంబరు అందరి ముందర గట్టిగా చదివినారు, ఆయమ్మ తర్వాతి నెల రాలేదు. నంబర్లు నర్సమ్మ పుస్తకంలోనే ఉండాల. మనం అడిగేది "మాత్రలు ఉండాయా?" అని ఒక్క మాటే. క్షయ గురించి, ఆడవాళ్ల లోపలి జబ్బుల గురించి అసలు సభలో ఎత్తకూడదు.

క్షయ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పెద్దవాళ్లకు గుర్తుండేదే. 1915లో మొదలైన శానిటోరియం. అప్పట్లో క్షయను చంపే మందు లేదు. మంచి గాలి, తిండి, విశ్రాంతి, అంతే వైద్యం. అందుకోసం ఎంతెంత దూరం నించో జనం అక్కడికి వచ్చేవాళ్లు. ఇప్పుడు మందు ఇంటికే వస్తా ఉంది, మామూలు క్షయకు ఆరు నెలలు విడవకుండా మింగాల. రెండో నెలకే దగ్గు తగ్గుతుంది, అక్కడే మానేస్తారు. బీపీ అక్క చేసిందీ అదే. తిండి కోసం ప్రభుత్వం 2018 నించి నెలకు 500 ఇస్తా ఉండింది, 2024 నవంబరు నించి దాన్ని 1,000 చేసినారు. బ్యాంకు ఖాతా సరిగా లేక ఆ డబ్బు పడకపోతే, ఖాతా సరిచేయించేది మన బుక్‌కీపర్లకు చేతనైన పనే కదా.

ఇంక బాత్రూం సంగతి. గ్రామ సంఘం తీర్మానం రాసి సర్పంచి దగ్గరికి పోయినాం. ఊరికొక ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీ ఉండాలని, దానికి ఏడాదికి 10,000 రూపాయల దాకా ఇచ్చే ఏర్పాటు ఉందని మాకు తెలిసిందే అప్పుడు. మా కమిటీ ఎప్పుడు కూర్చుందో ఎవరికీ గుర్తు లేదు. డబ్బు కోసం కాచుకోకుండా ఒక అక్క వాళ్ల ఆయన పైపు బిగించినాడు, గొళ్లెం మేము కొన్నాం. ఇప్పుడు నర్సమ్మ మధ్యాహ్నం దాటినా క్లినిక్‌లోనే ఉంటుంది. ఇంతకు ముందు "నర్సమ్మ ఉండదు, ఊరికే పోతుంది" అని మేము ఎన్నిసార్లు అన్నామో.

ఆశా అక్కల గురించి కూడా చెప్పాల. రాత్రి నొప్పులు వస్తే 108 ఎక్కి తిరుపతి ప్రసూతి ఆస్పత్రికి తోడు పోయేది ఆయమ్మే. తెల్లారినాక చేతిలో చార్జీ ఉందో లేదో, ఇంట్లో పిల్లోళ్లు తిన్నారో లేదో మనం అడగం. మూడు ఊళ్లలో వంతులు పెట్టినాం. ఆశా అక్క రాత్రి పోతే ఆ వారం వంతు సంఘం వాళ్ల ఇంటి పిల్లోళ్లకు అన్నం పెట్టి బడికి పంపుతుంది. మిగతా ఊళ్లు ఇంకా ఒప్పుకోలేదు. "ఆయమ్మకు జీతం వస్తాది కదా" అంటారు. ఈ మాట మీద ఈ పూట ఇక్కడే మాట్లాడుకుందాం.

ఆర్‌ఎంపీ డాక్టర్లతో కూడా కూర్చున్నాం. కొంతమందికి ఇది నచ్చలేదు. కానీ అర్ధరాత్రి తలుపు తడితే లేచేది వాళ్లే, అది దాచి లాభం లేదు. నీరసం అంటే సెలైను, ఒళ్లు నొప్పులంటే సూది అని అడిగేదీ మనమే. మేము అడిగినవి రెండే. తల తిరుగుతుందని వచ్చిన మనిషికి సూది వెయ్యకుండా బీపీ చూసి నర్సమ్మ దగ్గరికి పంపండి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఒక్క నిమిషం కూడా పెట్టుకోకుండా 108కి చెప్పండి. ఒకాయన సరే అన్నాడు, చెప్పినట్టే మనుషుల్ని పంపుతా ఉండాడు కూడా. ఇంకొకాయన కోపం చేసుకున్నాడు. మళ్లీ పోతాం.

వచ్చే నెల నించి మిగతా గ్రామ సంఘాల్లో కూడా మాత్రల మాట మొదలుపెట్టాలని ఉపసంఘం తీర్మానం. ఇష్టం ఉండే అధ్యక్షులు భోజనాల తర్వాత పేర్లు రాయించండి. ఆ అక్క కూడా ఈ పూట వచ్చింది, మూడో వరుసలో ఉంది. ఏమన్నా అడగాలంటే ఆయమ్మనే అడగొచ్చనింది.

బయట షామియానా కింద నర్సమ్మలు బీపీ చూస్తా ఉండారు. ఎండలో నడిచొచ్చి చెయ్యి చాపొద్దండి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి, మాట్లాడకుండా. మొదటిసారి ఎక్కువ చూపిస్తే రెండోసారి కూడా చూస్తారు, భయపడి పరిగెత్తొద్దు. మాత్రల అట్టలు తెచ్చినవాళ్లు ఎడమ పక్క బల్ల దగ్గరికి రండి.