స్టిక్ డ్రిఫ్ట్: డెడ్‌జోన్ పెంచితే సరిపోతుందా?

నా కంట్రోలర్‌కి డ్రిఫ్ట్ వచ్చేసింది. స్టిక్ ముట్టుకోకపోయినా హాలో నైట్‌లో మనోడు తనంతట తానే నడుచుకుంటూ వెళ్లి ముళ్ల మీద పడుతున్నాడు.

ఎందుకంటే మామూలు స్టిక్ లోపల పొటెన్షియోమీటర్ ఉంటుంది. కదిపిన ప్రతిసారీ ఒక చిన్న కాంటాక్ట్ కార్బన్ పట్టీ మీద రుద్దుకుంటుంది. అది అరిగితే రీడింగ్ తప్పుతుంది. అంతే.

డెడ్‌జోన్ పెంచుకోమని అందరూ చెప్తారు. పెంచా. డ్రిఫ్ట్ ఆగింది, కానీ షూటింగ్ గేమ్‌లో నా ఎయిమ్ పోయింది! స్టిక్ కొంచెం కదిపితే గేమ్ పట్టించుకోదు, ఇంకొంచెం కదిపితే గురి ఎనిమీని దాటిపోతుంది. ఇది రిపేరా? జ్వరానికి దుప్పటి కప్పినట్టుంది.

హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లో అయస్కాంతం, సెన్సర్ ఒకదానికొకటి తగలవు. అందుకే ఆ అరుగుడు ఉండదు. స్ప్రింగ్ మాత్రం ఎప్పటికైనా లూజవుతుంది, అది వేరే సంగతి. ఇదేమీ కొత్త టెక్నాలజీ కాదండోయ్, 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఉంది! మరి ఇన్నేళ్లూ మనకెందుకు ఇవ్వలేదు? నాకైతే కోపమే వస్తోంది.

షాపులో అడిగితే కొత్తది కొనేయమన్నారు. ఆ డబ్బులు కూడబెట్టడానికి నాకెన్ని నెలలు పట్టిందో! పాత స్టిక్ తీయాలంటే 14 చోట్ల సోల్డర్ కరిగించాలి. ఐరన్ తెచ్చా. ఆదివారం కెమెరా ముందే విప్పుతా. పాడైతే అది కూడా చూపిస్తా.