కందికి ఒక్క తడి

మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ మన తండాల్లో ఇప్పటికీ వానొస్తేనే పంట. కంది వేరు లోతుకు పోతది, ఎండను ఓర్చుకుంటది. పూత, కాయ మీద ఉన్నప్పుడు పదును ఆరితే మాత్రం పూత రాలుతది. అప్పుడు ఒక్క తడి పెడితే పంట దక్కుతది.

మొత్తం పత్తే పెడితే ఒక్క దెబ్బకే అప్పులపాలు. కంది సాళ్ల మధ్య జొన్న, పెసర వేయండి. ఒకటి పోయినా ఇంకోటి చేతికొస్తది.

పోడు పట్టా భూములకు సోలార్ పంపులిచ్చే 'ఇందిర సౌర గిరి జల వికాసం' 2025 మేలో మొదలైంది. పట్టా ఉన్న ప్రతి ఇంటి పేరూ గ్రామసభలో అడగండి. బోరు పడంగనే వరికి ఉరకకండి. ఎకరం వరి తాగే నీళ్లు ఎన్నో ఎకరాల కందికి తడి అయితయి.

నీళ్లు లేని పట్టా సగం హక్కే. మిగతా సగం కోసం కొట్లాడుదాం.