సుంకం చివరికి ఎవరి మీద పడుతుంది?



సుంకం అనగానే మన సంఘాల్లో ముందు గుర్తొచ్చేది మత్తయి, జక్కయ్య. ఇప్పుడు వార్తల్లో నలుగుతున్న సుంకం కూడా ఆ జాతిదే. మెట్టు దగ్గర కూర్చునేవాడు మారాడు, అంతే. షోలాపూర్ తెలుగువాళ్లకు ఇది టీవీ చర్చ కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి నేతపని నమ్ముకుని వచ్చిన తాతల నాటి నుంచీ ఇక్కడి మన ఇళ్లలో పొయ్యి వెలిగించింది చాలామట్టుకు దుప్పటి, తువ్వాలు, ఆపైన ఆడవాళ్లు చుట్టే బీడీలు.

2025 ఆగస్టు 7న అమెరికా మన సరుకుల మీద 25 శాతం అదనపు సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో అదే నెల 27న ఇంకో 25 కలిపింది. మొత్తం 50. అప్పుడు బంగ్లాదేశ్, వియత్నాంలకు 20, పాకిస్తాన్‌కు 19. ఈ సుంకం కట్టేది రేవులో సరుకు దించుకునే అమెరికా వ్యాపారి. మరి మనకేమిటి అంటారా? నూరు రూపాయల తువ్వాలు మన దగ్గర కొంటే యాభై, ఢాకాలో కొంటే ఇరవై కట్టాలంటే అతనేం చేస్తాడు? ధర తగ్గించు, లేదా ఆర్డరు వద్దు అంటాడు. ఎగుమతిదారు ఆ భారాన్ని కార్ఖానాదారు మీదికి తోస్తాడు. కార్ఖానాదారు ఎవరి మీదికి తోస్తాడో చెప్పాలా? రెండు షిఫ్టులు ఒకటవుతాయి. పీసు లెక్కన మజూరీ తీసుకునేవాడికి మగ్గం ఆగితే కూలి ఆగినట్టే. పనిలోంచి తీసేశామని కాగితం కూడా ఎవరూ ఇవ్వరు.

మా తువ్వాలు అమెరికా పోదు కదా అని కొందరు ధైర్యం చెప్పుకుంటారు. అమెరికా కోసం నేసిన సరుకును పెద్ద మిల్లులు ఇక్కడి బజారుకే తిప్పితే, చిన్న కార్ఖానా ఆ ధరకు అమ్మగలదా?

అలాగని సుంకాలన్నీ చెడ్డవని తేల్చేయొద్దు. పరిశ్రమ నిలదొక్కుకునేదాకా కాస్త చాటు కావాలి. ఆ చాటు కూడా దక్కనివ్వని కాలం ఒకటుంది. 1896లో ఆంగ్ల ప్రభుత్వం దిగుమతి బట్ట మీద 3.5 శాతం సుంకం వేసి, మన మిల్లుల బట్ట మీద సరిగ్గా అంతే ఎక్సైజు పన్ను వేసింది. లాంకషైర్ మిల్లుల ఒత్తిడి అది. 1926లో గాని రద్దు కాలేదు. ఎవరి మాట విని సుంకం వేశారు, ఎవరి మాట విని తీశారు అని మనం అడగాలి.

అడిగితే మన బంధువుల మధ్యే తగవు బయటపడుతుంది. విదేశీ పత్తి మీద 2021 బడ్జెట్‌లో వేసిన 11 శాతం సుంకాన్ని, అమెరికా దెబ్బకు ఊరటగా, 2025 ఆగస్టు 19 నుంచి ఎత్తేశారు. మొదట సెప్టెంబరు ఆఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31కి పొడిగించారు. నూలు చౌకవుతుందని మగ్గాల వాళ్లకు ఆశ. కానీ అవి ఆదిలాబాద్, వరంగల్ రైతులు పత్తి ఏరి మార్కెట్టుకు తెచ్చే నెలలు! 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. అప్పుడు ప్రైవేటు వ్యాపారి చెప్పిందే ధర. బయటి పత్తి సుంకం లేకుండా దిగుతుంటే ఆయన ఎందుకు ఎక్కువ చెబుతాడు? ఊళ్లో ఉన్న మేనమామ నష్టపోతే ఇక్కడి అల్లుడు బాగుపడతాడా? నూలు ధర తగ్గినప్పుడు పీసు రేటు పెరిగిన జ్ఞాపకం మనలో ఎవరికైనా ఉందా?

అందుకే మేము రెండు సంగతులు గట్టిగా అడుగుతున్నాం. ఎగుమతిదారులకు ప్రభుత్వం ఇచ్చే వడ్డీ రాయితీ, అప్పు వాయిదా వంటివి పనివాళ్లను తీసేయనివారికే ఇవ్వాలి. పత్తి సుంకాన్ని కోత నెలల్లో కదిలించకూడదు. ఈ రెండో మాటకు మన మగ్గాల వాళ్లలో కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి, కూర్చుని మాట్లాడుకుందాం.

భోజనాల తర్వాత మజూరీ చిట్టీలు ఉన్నవాళ్లు అవి పట్టుకుని వెనక గదికి రండి. చిట్టీ ఇవ్వని కార్ఖానాలో పనిచేసేవాళ్లు నెలకు ఎన్ని రోజులు మగ్గం ఆగిందో నోటితో చెప్పినా చాలు, మన యువకులు రాసుకుంటారు. ఈ-శ్రమ్ కార్డు లేనివాళ్లు ఆధార్ తెచ్చుకోండి.